ఎలక్ట్రాను నడకను గొలిచిన వెలుఁగు



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపఁదలఁచిన విషయము కాలమును గుఱించినది. కాల మనఁగానే మనకు యుగములు, మన్వంతరములు, కల్పములు స్ఫురించును. నేఁడు మన మా వైపునకుఁ బోవుట లేదు. దానికి సరిగా నెదురు దిక్కునకు, అనఁగా మిక్కిలి సూక్ష్మమైన కాలము వైపునకుఁ బోవుచున్నాము.

2023వ సంవత్సరమున భౌతికశాస్త్రమునకు నోబెలు బహుమానమును మువ్వురు పండితులకుఁ గలిపి యిచ్చిరి. అందు మొదటివారు ఫ్రాన్సు దేశమునఁ జిరకాలము పరిశోధించి పిదప అమెరికాకుఁ బోయిన పియేర్ అగొస్తీనీ గారు. రెండవవారు హంగరీ దేశమునఁ బుట్టి ఆస్ట్రియాలోను జర్మనీలోను బని చేసిన ఫెరెన్స్ క్రౌస్ గారు. మూఁడవవారు ఆన్ లుయిలియే గారు. ఈమె ఫ్రాన్సు దేశమునఁ బుట్టి, స్వీడను దేశములోని లుండ్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నలంకరించినది. భౌతికశాస్త్రమున నీ బహుమానము నందిన స్త్రీలలో నామె యైదవది. అట్టోసెకండుల కాలము మాత్రమే నిలుచు వెలుఁగు మెఱుపులను గల్పించి, వానితోఁ బరమాణువులోని ఎలక్ట్రానుల చలనమును గొలుచు మార్గమును జూపినందులకు వీరి కీ గౌరవము దక్కినది.

అట్టోసెకం డనఁగా నేమి? డేనిషు భాషలో పదునెనిమిదికి 'అట్టెన్' అని పేరు. ఆ మాట నుండియే 'అట్టో' పుట్టినది. ఒకటి వేసి దాని ప్రక్కఁ బదునెనిమిది సున్నలు పెట్టినచో నెంత సంఖ్య యగునో, సెకండును అన్ని భాగములు చేయఁగా అందొక భాగ మట్టోసెకండు. సున్నలతో మనస్సునకుఁ దృప్తి గలుగదు. వేఱొక విధమునఁ జెప్పెదను. ఒక సెకండును నూఱుకోట్ల ముక్కలు చేయుఁడు. అందొక ముక్కను దీసికొని దానిని మరల నూఱుకోట్ల ముక్కలు చేయుఁడు. ఆ రెండవమాఱు వచ్చిన ముక్కయే అట్టోసెకండు. ఈ విశ్వము పుట్టి సుమారు 1380 కోట్ల సంవత్సరము లైనదని ఖగోళశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అన్ని సంవత్సరములలో గడచిన సెకండుల కంటె ఒక్క సెకండులోని అట్టోసెకండుల సంఖ్య రెండు రెట్లకుఁ బైఁబడి యుండును. వెలుఁగు సెకండునకు మూఁడు లక్షల కిలోమీటర్లు పోవునది గదా! అట్టి వెలుఁగు సయితము ఒక అట్టోసెకండులో రెండు మూఁడు పరమాణువుల వెడల్పు మాత్రమే దాఁటఁగలదు.

ఈ మాట వినఁగానే పురాణశ్రవణము చేసిన పెద్దలకు మన కాలగణనము జ్ఞప్తికి వచ్చును. శ్రీమద్భాగవతము తృతీయస్కంధమున ఘడియ నుండి లఘువు, కాష్ఠ, క్షణము, నిమేషము, లవము, వేధ, త్రుటి, త్రసరేణువు, అణువు అని క్రమముగా దిగి పరమాణుకాలము వఱకు లెక్క చెప్పఁబడినది. ఆ లెక్కను గుణించి చూచినచో ఒక ఘడియలో 5 కోట్ల 46 లక్షల 75 వేల పరమాణుకాలములు గలవు. అనఁగా నొక సెకండులో సుమారు 38 వేలు. కంటిఱెప్ప పాటుకే తబ్బిబ్బగు మనుష్యబుద్ధి అంత సూక్ష్మమునకు దిగుట నిజముగా గొప్ప విషయము. కాని అట్టోసెకండు దాని కెంతో దిగువ నున్నది. ఒక్క పరమాణుకాలములో సుమారు 26 లక్షల కోట్ల అట్టోసెకండులు పట్టును.

ఇచట నొక మనవి. మనలోఁ గొందఱు క్రొత్త విషయ మేది వినఁబడినను "ఇది యెల్ల మన పెద్ద లెప్పుడో చెప్పినదే" యని తేల్చివేయుదురు. మఱికొందఱు, ముఖ్యముగాఁ జదువుకొన్న కుఱ్ఱవారు, మన పెద్దల లెక్కలన్నియుఁ బుక్కిటిపురాణము లని త్రోసివేయుదురు. శాస్త్రము చదివిన వాఁడ నగుటచే నే నీ రెండు మాటలను నొప్పుకొనఁజాలను. సంస్కృతమున సంఖ్యానము వేఱు, మానము వేఱు. తెనుఁగున లెక్క వేఱు, కొలత వేఱు. కాలమును విభాగించుచుఁ బోవుట లెక్క. ఆ విభాగము నొక సాధనముతోఁ బట్టి చూపుట కొలత. మన పూర్వులు చేసినది లెక్క; ఆ లెక్కకుఁ దగిన గౌరవ మిత్తము. ఈ మువ్వురు చేసినది కొలత. అది యెట్లు చేసిరో తెలిసికొన్నపుడు గాని దాని విలువ తెలియదు.

వేగముగాఁ బోవు వస్తువును జూచుటకుఁ గన్ను చాలదు. దీనికి నొక పాత యుదాహరణము గలదు. పరుగెత్తు గుఱ్ఱము నాలుగు కాళ్లును ఒకే తఱి నేలను విడుచునా లేదా యన్న సందేహము పశ్చిమదేశములలోఁ జిరకాల ముండెను. చిత్రకారులు గుఱ్ఱము ముందుకాళ్లను ముందునకు, వెనుకకాళ్లను వెనుకకుఁ జాఁచి గాలిలోఁ దేలుచున్నట్లు వ్రాయుచుండిరి. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జి యను నతఁడు పరుగుబాటకుఁ బ్రక్కగా వరుసగాఁ గెమెరాలను నిలిపి, అతిస్వల్పకాలము మాత్రము వానిని దెఱచి ఛాయాచిత్రములు దీసెను. నాలుగు కాళ్లును నేలను విడుచు మాట నిజమే. కాని విడుచునది కాళ్లు చాఁచినపుడు గాదు, పొట్టక్రిందికి ముడిచినపు డని తేలినది. వేల యేండ్లుగా మనుష్యుని కంటియెదుటఁ బరుగెత్తిన జంతువు నిజస్థితి, ఆ పరుగు కంటె వేగముగాఁ దెఱచి మూసికొను కెమెరా కన్ను వచ్చిన పిదప గాని తెలియలేదు. ఏ చలనమును జూడవలె నన్నను దాని కంటె పొట్టియైన కాలము మనచేతిలో నుండవలెను. ఈ సూత్రమును మఱవకుఁడు. తక్కిన కథ యంతయు దీనిమీఁదనే నడచును.

గుఱ్ఱమునకు సెకండులో వేయవ వంతు చాలును. అణువులలోఁ బరమాణువులు కదలుటను జూచుటకు ఫెమ్టోసెకండు కావలెను. అది అట్టోసెకండునకు వేయి రెట్లు. అట్టి వెలుఁగు మెఱుపులతో రసాయనక్రియలు జరుగు తీరును బరిశీలించి, ఈజిప్టు దేశమునఁ బుట్టిన అహ్మద్ జెవైల్ గారు 1999లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము నందిరి. ఇఁక ఎలక్ట్రాను మాట. పరమాణువు నడుమ బరువైన కేంద్రకమును, దాని చుట్టును ఎలక్ట్రానులును గల వని మీ మనుమల పాఠ్యపుస్తకములలోఁ జూచియే యుందురు. గ్రహములు సూర్యునిఁ జుట్టినట్లు ఎలక్ట్రాను కేంద్రకమును జుట్టు నని చెప్పుట వాస్తవమునకుఁ గవిసమయము వంటిది. బోధకుఁ బనికి వచ్చునే కాని యక్షరార్థముగాఁ దీసికొనరాదు. ఆ పటమునే పట్టుకొని లెక్క వేసినచో హైడ్రోజను పరమాణువులో నొక ప్రదక్షిణమునకు సుమారు 150 అట్టోసెకండులు పట్టును. కనుక ఎలక్ట్రానులకు ఫెమ్టోసెకండు కెమెరా యెదుట ఎద్దుబండివేగమున నడచు నోపిక లేదు. అవి మసకగా మాత్రమే కానవచ్చును.

మఱి వెలుఁగు మెఱుపును ఇంకను బొట్టిగాఁ జేయరాదా యని మీ రడుగవచ్చును. అచటనే చిక్కు గలదు. వెలుఁగు తరంగము. ఊయెల యొకమాఱు ముందునకును వెనుకకును ఊఁగి వచ్చుటకుఁ గొంత కాలము పట్టినట్లే, ఆ తరంగ మొక్క యూఁగు ఊఁగుటకును గాలము పట్టును. ఎఱుపునకుఁ గొంచె మావల నుండు కానరాని లేసరు వెలుఁగున కది రెండున్నర ఫెమ్టోసెకండులకుఁ బైమాట. ఒక్క యూఁగు కంటెఁ బొట్టిగా మెఱుపును ద్రుంచుట సాధ్యము గాదు. అందుచేత 1980 ప్రాంతముల వఱకును ఫెమ్టోసెకండే కడపటి గడప యని పలువురు తలఁచిరి.

ఆ గడపను దాఁటించినది సంగీతమునకు సంబంధించిన యొక ధర్మము. మీలో భజనలలోను హరికథలలోను దంబురాశ్రుతి విననివా రుండరు. చక్కగా శ్రుతి చేసిన తంబురాతీఁగను మీటినపుడు మూలస్వర మొకటే మ్రోఁగదు. దానికి రెండు రెట్లు, మూఁడు రెట్లు, నాలుగు రెట్లు, ఐదు రెట్లు వేగముతోఁ గంపించు స్వరములు గూడ వెంబడించును. శ్రద్ధగా విన్నవారి చెవికి, ఎవరును మీటని గాంధారము తనంతఁ దాను బలుకును. విద్వాంసులు దానిని స్వయంభూగాంధార మందురు. ఇట్టి పైస్వరములకు నేటి శాస్త్రపుస్తకములలో 'అతిస్వరము' లని పేరు.

1987లో లుయిలియే గారును ఆమె సహచరులును ఫ్రాన్సులోని సాక్లే పరిశోధనాలయమున బలమైన లేసరుకిరణమును ఆర్గాన్ అను వాయువుగుండఁ బంపిరి. లోనికిఁ బోయినది కంటికిఁ గానరాని పరారుణ కిరణము. వెలుపలికి వచ్చినపుడు దానితోఁ గూడ, దానికి మూఁడు రెట్లు, ఐదు రెట్లు, ఏడు రెట్లు, ఇట్లు బేసి లెక్కను ముప్పదిమూఁడు రెట్ల వఱకును వేగముగాఁ గంపించు వెలుఁగులు వచ్చినవి. ఇందు వింత యేమనఁగా, పైకిఁ బోవుకొలఁది యవి క్రమముగా క్షీణింప లేదు. మొదటఁ దగ్గి, పిదపఁ జాల దూరము సమబలముతో నిలిచి, తుద కొక్కమాఱుగా నాఁగిపోయినవి.

ఇది యేల జరుగునో 1990వ దశకమునఁ దెలియవచ్చినది. లేసరు తరంగపు బలము ముందు ఎలక్ట్రానును పరమాణువునుండి లాగి దూరముగాఁ గొనిపోవును. తరంగము మరలిన క్షణమున అదే బలము దానిని వెనుకకుఁ దఱుమును. పచ్చికమీఁద దూరముగాఁ బరుగెత్తిన లేఁగదూడ తల్లి యంబారవము విని గిఱ్ఱున మరలి పరుగెత్తుకొనివచ్చి పొదుగును గుమ్మును జూడుఁడు, అట్లే యా ఎలక్ట్రాను తాను విడిచిన పరమాణువునే వచ్చి తాఁకును. పరుగులో గడించిన శక్తి నంతటిని ఆ తాఁకిడిలో వెలుఁగుగా విడిచిపెట్టును. ఆ వెలుఁగులే యీ యతిస్వరములు.

ఒంటరిగాఁ జూచిన నొక్కొక్క యతిస్వరము సాగుచుండు తరంగమే. అన్నియుఁ గలిసినపుడే చమత్కారము. ఒకఁడు త్రిశ్రమునను, ఒకఁడు ఖండమునను, ఒకఁడు మిశ్రమునను మృదంగము వాయించుచున్నా రనుకొనుఁడు. నడుమ వారి దెబ్బ లొకదానితో నొకటి పొసఁగవు, చిందరవందరగా వినఁబడును. కాని సమము వచ్చిన చోట నందఱి దెబ్బయు నొక్కటిగాఁ బడును. వాద్యములు హెచ్చినకొలఁది ఆ దెబ్బ యంత నిశితముగ నుండును. అట్లే యతిస్వరము లన్నియు శిఖరములు కలిసిన చోట నొక్క తీక్ష్ణమైన మెఱుపు పుట్టును. తక్కిన చోట్ల నొకదాని నొకటి చెఱుపుకొనును. 2001లో పారిసు చెంత అగొస్తీనీ గారి బృందము ఇట్టి మెఱుపుల వరుసను బుట్టించి, అందొక్కొక్కటి 250 అట్టోసెకండు లని కొలిచి చూపెను. ఆ సంవత్సరముననే వియన్నాలో క్రౌస్ గారి బృందము 650 అట్టోసెకండుల మెఱుపు నొక్కదానినే వరుసనుండి వేఱుచేసెను. పిదప 2017లో స్విట్జర్లాండునందలి జ్యూరిచ్ నగరమున 43 అట్టోసెకండుల మెఱుపును సాధించిరి.

కొలబద్ద చేతికి వచ్చినది. దానితోఁ గొలిచిన దేమి? వెలుఁగు పడినపుడు పదార్థమునుండి ఎలక్ట్రానులు వెలువడును. దాని తత్త్వమును 1905లో ఐన్‌స్టైను వివరించెను. కాని వెలుఁగు తాఁకిన తక్షణమే ఎలక్ట్రాను బయలుదేఱునా, లేక యించుక తడయునా? నూఱేండ్ల కాలము దీనికిఁ గొలత లేదు. తక్షణమే యని తలఁచుటయే వాడుక. 2010లో జర్మనీలోని మ్యూనిక్ చెంత గార్కింగునఁ గ్రౌస్ గారి బృందము నియాన్ వాయువుపై నీ ప్రశ్నను బరీక్షించినది.

వారి పద్ధతి రైతుల కరచేతిలోనిది. కళ్లములోఁ దూర్పారఁబట్టునపుడు చేటనుండి జాఱిన గింజను గాలి ప్రక్కకుఁ గొనిపోవును. గాలి క్రమముగా హెచ్చుచుఁ దగ్గుచు వీచుచున్న దనుకొనుఁడు. ఆ క్రమము మనకుఁ దెలిసినచో, గింజ యెంత దూరమునఁ బడెనో చూచి, అది యే క్షణమునఁ జేటను విడిచినదో చెప్పవచ్చును. ఇచట గింజ ఎలక్ట్రాను, చేట పరమాణువు, గాలి లేసరు తరంగము. అట్టోసెకండు మెఱుపు ఎలక్ట్రానును బయటికిఁ దట్టును. లేసరు తరంగము దానిని త్రోయును. త్రోపు మార్పును బట్టి బయలుదేఱిన వేళ తెలియును.

నియానులో వెలుపలి తరగతికిఁ జెందిన ఎలక్ట్రానులు రెండు విధములుగా నున్నవి. కొన్ని కేంద్రకమునకు గట్టిగాఁ గట్టుపడినవి, కొన్ని వదులుగాఁ గట్టుపడినవి. వదులుగా నున్నవే ముందు బయటఁ బడు నని మనకుఁ దోఁచును గదా! కొలువఁగా నవే 21 అట్టోసెకండులు వెనుకఁబడినవి.

ఈ వార్తకు లోకము సంతోషించినది. కాని గణితజ్ఞులు చిక్కునఁ బడిరి. ఎట్లు లెక్కించినను వారి కంత యాలస్యము రాదాయెను. చాలఁ దక్కువయే వచ్చుచుండెను. కొలత చూడఁబోయిన జాగ్రత్తతోఁ జేసినది. లెక్క చూడఁబోయినఁ బేరుగల సిద్ధాంతముపై వేసినది. పొంతన లేదు. ఇట్టి చోట మనుష్యుని స్వభావము పరీక్షకు వచ్చును. కొలత చేసినవారు లెక్కకుఁ దగినట్లు తమ సంఖ్యను దిద్దుకొనలేదు. లెక్క వేసినవారు కొలతకుఁ దగినట్లు తమ గణితమును వంచలేదు. వ్యత్యాసమును బహిరంగముగా నుంచి యేడేండ్లు వెదకిరి.

2017లో లుండ్ నగరమున లుయిలియే గారి బృందము అదే ప్రయోగమును వేఱొక పద్ధతిని, ఎలక్ట్రానుల శక్తులను మఱింత నిశితముగా వేఱుపఱచి చేసినది. అపుడు కారణము బయటఁ బడినది. ఒక్కొక్కప్పుడు ఒక ఎలక్ట్రాను వెడలునపుడు తన ప్రక్కదానిని గూడఁ గుదిపి పై మెట్టునకు నెట్టును. ఆ కుదుపునకుఁ గొంత శక్తి వ్యయ మగుటచే నట్టి ఎలక్ట్రాను గట్టిగాఁ గట్టుపడిన వానివలెఁ గానవచ్చును. అనఁగా, ఒకే రంగు గల రెండు రకముల వడ్లు ఒక రాశిలోఁ గలిసినవి. వేఱుచేసి కొలువఁగాఁ గొలతయు లెక్కయు నేకీభవించినవి. సిద్ధాంతము నిలిచినది, మొదటి కొలత యేల హెచ్చుగాఁ గనఁబడినదో తెలిసినది, అంతవఱకుఁ గంటఁబడని యొక కుదుపు కూడఁ గొలతకు లొంగినది. ఓడినవా రెవరును లేరు.

దీనివలన మనకేమి ప్రయోజన మని యడుగుట తప్పు గాదు. రేపే చేలు పండు నని నేను జెప్పను. ఎలక్ట్రానులు కదలుటయే రసాయనక్రియకు మొదలు. విద్యుత్తు ప్రవహించుట యన్నను ఎలక్ట్రానుల కదలికయే. ఆ కదలికను ఎఱిఁగినచో మఱింత వేగముగాఁ బని చేయు యంత్రములను నిర్మించు త్రోవ కానవచ్చు నని శాస్త్రజ్ఞుల యాశ. ఇట్టి పొట్టి వెలుఁగులను రక్తముపైఁ బ్రసరింపఁజేసి, అందలి యణువుల జాడను బట్టి రోగమును మొదటనే గుర్తింపవచ్చునా యని మ్యూనిక్‌లో క్రౌస్ గారి బృందము పరిశోధనలు జరిపినది. ఇది పరిశోధనయే కాని చికిత్స కాదు. అయినను 1895లో రాంట్‌జన్ ఎక్స్ కిరణములను గనుఁగొన్నపు డవి వైద్యునికై వెదకినవి గావు. మఱుసటి యేఁటికే వైద్యులు వానితో విఱిగిన యెముకలను జూచుచుండిరి.

నలువది యేండ్లు బడిపంతులుగాఁ బని చేసిన నాకు ఈ చరిత్రలో నొక ముచ్చట మిక్కిలి ప్రియమైనది. బహుమానవార్తను దెలుపుటకు స్వీడను పండితపరిషత్తువారు ఫోను చేసినపుడు లుయిలియే గారు తరగతిలోఁ బాఠము చెప్పుచుండిరి. విరామసమయమున నా వార్తను విని, మరలఁ దరగతికిఁ బోయి మిగిలిన పాఠమును బూర్తిచేసిరి. 1987లోఁ గంటఁబడిన యొక వింతను ముప్పదియాఱేండ్లు విడువక వెంబడించినవారి కిది సహజమే.

పెద్దలారా, మీ యింటి పిల్లలు రేపు అట్టోసెకండు మాట నెత్తినచో, మన కాలగణనమును వారికిఁ దప్పక చెప్పుఁడు. అది మన పూర్వుల లెక్క యనియు చెప్పుఁడు. పిదప ఈ మువ్వురి కొలతను జెప్పుఁడు. చివరకు, ఆ రెండిటికిని బొంతన కుదరనపుడు సత్యము తెలియువఱకు దేనిని దాఁచిపెట్టని యేడేండ్ల యోపికను జెప్పుఁడు. లెక్క మఱచినను మఱతురు గాని, ఆ యోపిక వారికి బ్రతుకంతయుఁ బనికివచ్చును.

సెలవు.